ముక్కనుమకి పిజ్జా: ఓవెన్ కొనకండి మాస్టారూ

ప్రశ్న: నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. బొబ్బిలిలో ఉంటున్నాం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మనవలు ముగ్గురూ వస్తారు. పిండివంటలు రెండు రోజులకే మొహం మొత్తి, పిజ్జా కావాలంటారు. దసరా సెలవుల్లో నేనే పూనుకుని చేశాను. నీళ్ళు మరిగించి దించి, అందులో యీస్టూ పంచదారా వేశాను. చపాతీ పిండిలా గట్టిగా కలిపి రెండు గంటలు ఉంచినా పొంగలేదు. అప్పడాల కర్రతో ఒత్తుతుంటే వెనక్కి లాగేసుకుంది. పెనం మీద వేసి మూత పెడితే అడుగు మాడింది, పైన ఉల్లిపాయలు పచ్చిగానే ఉన్నాయి, చీజ్ సాగకుండా బిగుసుకుపోయింది. చిన్నవాడు ‘తాతయ్యా, ఇది చపాతీ’ అనేశాడు. మా ఆవిడేమో ‘దిబ్బరొట్టి కాల్చుకోక ఏటీ పాట్లు’ అంటోంది. ఈసారి ముక్కనుమ నాడు మళ్ళీ చేద్దామని ఉంది. ఓవెన్ కొనమంటారా? మైదా వద్దని మా అమ్మాయి గొడవ. గోధుమపిండి గానీ చోడిపిండి (రాగిపిండి) గానీ వాడొచ్చా? యూట్యూబ్‌లో కుక్కర్లో ఇసుక పోసి చేస్తున్నారు, అది మంచిదేనా?
ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం:

మాస్టారూ, నమస్కారం. ఓవెన్ కొనకండి. పండగలకి వచ్చే మనవల కోసం కొన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) మిగతా రోజులన్నీ వంటింట్లో చోటు తినడం తప్ప ఏమీ చేయదు. మామూలు మైక్రోవేవ్ అయితే పిజ్జాకి అసలే పనికిరాదు, అందులో అడుగు కాలదు. పైగా మీ పిజ్జా చెడింది ఓవెన్ లేక కాదు. పొయ్యి దగ్గరికి వెళ్ళేలోపే పిండి దగ్గర మూడొంతులు చెడిపోయింది. మిగిలిన ఒక వంతుకి విరుగుడు అమ్మగారి దిబ్బరొట్టిలోనే ఉంది, దానికి తరవాత వస్తాను.

ముందు యీస్ట్ సంగతి. అది పొడి కాదు, ప్రాణి. 40 డిగ్రీల దగ్గర హుషారుగా ఉంటుంది, 60కి వెళ్తే చచ్చిపోతుంది. మరిగించి అప్పుడే దించిన నీళ్ళు 90 దాటి ఉంటాయి. మీరు వేసిన యీస్ట్ ఆ గ్లాసులోనే పోయింది. ఆ తరవాత రెండు గంటలు కాదు, రెండు రోజులు ఉంచినా ఆ పిండి పొంగదు. థర్మామీటర్ అక్కర్లేదు, నీళ్ళలో చిటికెన వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి, హాయిగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆగండి. ఇంకో సంగతి, కొట్లో యీస్ట్ అడిగితే బేకింగ్ పౌడర్ చేతిలో పెట్టేవాళ్ళు ఉన్నారు. రెండూ ఒకటి కాదు. ఇన్‌స్టంట్ డ్రై యీస్ట్ అని చూసి తీసుకోండి, తేదీ కూడా చూడండి. అనుమానం ఉంటే అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచా పంచదార, అర చెంచా యీస్ట్ వేసి పది నిమిషాలు పక్కన పెట్టండి. పైన నురగ కడితే బతికుంది. ఏమీ కాకపోతే పిండి పాడుచేసుకోకుండా ప్యాకెట్ పారేయండి. విప్పిన ప్యాకెట్ మిగిలితే గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. మన తీరం గాలిలో ఉండే తేమకి వంటింటి గట్టు మీద అది ఎన్నాళ్ళో నిలవదు.

రెండోది నీళ్ళు. చపాతీ పిండి గట్టిగా ఉన్నా నడుస్తుంది, ఎందుకంటే దాన్ని పల్చగా ఒత్తి నిమిషంలో కాల్చేస్తాం. పిజ్జా పిండిలో యీస్ట్ వదిలే గాలికి లోపల బుడగలు కట్టే వీలుండాలి. పిండి బిగుసుకుని ఉంటే ఆ గాలి దాన్ని లేపలేదు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి బేకరీ వాళ్ళ లెక్క చెప్తాను, మీకు నచ్చుతుంది. వాళ్ళు మైదాని ఎప్పుడూ నూరు పాళ్ళు అనుకుంటారు. మిగతావన్నీ ఆ నూటికి ఎంత అని చెప్తారు. మన మైదాకి నీళ్ళు 62, ఉప్పు 2, నూనె రెండున్నర, పంచదార 1, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేటట్టయితే యీస్ట్ అర పాలు. అన్నీ కలిపితే నూరు దాటుతుంది కదా అని కంగారు పడకండి, వాళ్ళ పద్ధతి అంతే.

దీన్ని మీ ఇంటికి దించితే: 400 గ్రాముల మైదాకి నీళ్ళు 250 మిల్లీలీటర్లు, ఉప్పు 8 గ్రాములు, నూనె 10, పంచదార 4, యీస్ట్ 2. మొత్తం 670 చిల్లర వస్తుంది, నాలుగు ముద్దలు చేస్తే ఒక్కోటీ 170 లోపు. ఎనిమిది అంగుళాల పిజ్జాలు నాలుగు అవుతాయి. ముగ్గురు పిల్లలకి మూడు, పెద్దవాళ్ళకి రుచి చూడ్డానికి ఒకటి. చిన్న డిజిటల్ కాటా ఉంటే ఓవెన్ కంటే వెయ్యి రెట్లు మేలు. లేకపోతే టీ చెంచా లెక్కలో ఉప్పు ఒకటిన్నర, యీస్ట్ ముప్పావుకి కాస్త తక్కువ. మైదా ప్యాకెట్ వెనక ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది, 100 గ్రాములకి 10 గానీ ఆపైన గానీ ఉన్నది చూసి కొనండి. పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ ఆ ప్రోటీన్‌లోంచే వస్తుంది.

కలిపినప్పుడు చేతికి అంటుకుంటుంది. అంటుకుంటోందని ఇంకాస్త మైదా చల్లకండి. మనందరికీ చపాతీ చేసి చేసి అలవాటైన చెయ్యి అది, ఇక్కడ దాన్ని ఆపుకోవాలి. నీళ్ళలో యీస్ట్, పంచదార కలిపి మైదాలో పోసి, పొడి ఎక్కడా కనబడకుండా గరిటెతో తిప్పి, మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. తరవాత ఉప్పు, నూనె వేసి రెండు నిమిషాలు పిసకండి. మళ్ళీ ఇరవై నిమిషాలు ఆగి, చెయ్యి తడి చేసుకుని, పిండి ఒక అంచు పట్టుకుని పైకి సాగదీసి మీదికి మడవండి. గిన్నె తిప్పుతూ నాలుగు వైపులా అలాగే. ఇంకో ఇరవై నిమిషాలకి మరోసారి. మొదట చిరిగి చిల్లులు పడిన పిండే ఈ రెండో మడతకి నున్నగా, సాగితే తెగకుండా, వెలుతురుకి ఎత్తిపడితే పొరలా కనబడుతుంది. మీరు చేసిందేం లేదు, గడియారం చేసింది. భుజాలు నొప్పి పుట్టేదాకా పిసకమని చెప్పేవాళ్ళ మాట వినకండి, ఈ వయసులో ఆ అవసరం లేదు.

ఇప్పుడు నాలుగు ముద్దలు చేసి, నూనె రాసిన డబ్బాల్లో, ఉబ్బడానికి ఖాళీ ఉంచి, మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. కనుమ సాయంత్రం కలిపితే ముక్కనుమ సాయంత్రానికి ఇరవైనాలుగు గంటలు. చల్లదనానికి యీస్ట్ నెమ్మదిస్తుంది గానీ పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తూనే ఉంటాయి. కొట్లో పిజ్జా అంచుకి ఉండే కమ్మదనం, గోధుమరంగు మచ్చలు ఆ చక్కెర వల్లే వస్తాయి. ఒకవేళ కనుమ సందడిలో కలపడం మరిచిపోతే యీస్ట్ రెట్టింపు వేసి అదే రోజు మధ్యాహ్నం కలపండి. జనవరి చలికి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. వేసవిలో అయితే మన దగ్గర గంట కూడా పట్టదు, కాబట్టి గడియారం కాదు, ముద్ద రెట్టింపు అయిందా లేదా అన్నది చూడండి. రుచి మాత్రం రాత్రంతా ఉంచినదానికి రాదు.

ఒత్తుతుంటే వెనక్కి లాగేసుకుందన్నారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఒత్తినా, అప్పుడే పిసికిన వెంటనే ఒత్తినా గ్లూటెన్ బిగిసి ఉంటుంది, అలాగే చేస్తుంది. కాల్చడానికి రెండు గంటల ముందు ముద్దలు బయట పెట్టండి. అప్పడాల కర్ర దాచేయండి. అది ఒక్క రాత్రిలో కూడిన గాలినంతా ఒక్క తోపుతో తీసేస్తుంది. కాస్త బొంబాయి రవ్వ చల్లిన పళ్ళెంలో ముద్ద పెట్టి, నడిమి నుంచి బయటికి వేళ్ళతో అదుముతూ పోండి, అంచు వేలెడు వెడల్పు ముట్టుకోకండి. ఇంకా వెనక్కి వస్తుంటే బలవంతం చేయకుండా పది నిమిషాలు మూత పెట్టి వదిలేయండి, దానంతట అదే మాట వింటుంది. ఈ పని మనవలకి అప్పగించండి. ఎవరి ముద్ద వాళ్ళు ఒత్తుకుంటే వంకరగా వచ్చినా ఎవరూ చపాతీ అనరు.

మైదా బదులు సంగతి. సగం మైదా, సగం గోధుమపిండి అయితే బాగానే వస్తుంది, నీళ్ళు 68 పాళ్ళకి పెంచండి, మర పట్టించిన పిండి ఎక్కువ తాగుతుంది. అంతా గోధుమపిండే అయితే తవుడు గ్లూటెన్ పోగుల్ని తెంపుతుంది, బేస్ దళసరిగా, బరువుగా వస్తుంది. చోడిపిండిలో గ్లూటెన్ లేదు. నూటికి పది పాళ్ళ వరకు కలిపితే రంగూ వాసనా బాగుంటాయి, అంతకు మించితే సాగడం మానేస్తుంది. చోళ్ళని అంబలిగానే తాగుదాం. అమ్మాయితో చెప్పండి, ఏడాదికి రెండుసార్లు తాతయ్య చేతి మైదా తింటే ఏమీ కాదు, రోజూ తినే బిస్కెట్ల లెక్క ముందు తేల్చుకోమనండి.

సాస్‌కి సీసాలు కొనకండి. టమాటా కెచప్ పూస్తే తియ్యటి రొట్టె అవుతుంది. అరకిలో బాగా పండిన టమాటాలు సగానికి కోసి తురుముపీట మీద తురిమితే గుజ్జు కిందికి, తొక్క చేతిలోకి వస్తుంది. రెండు చెంచాల నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, రంగు మారకముందే గుజ్జు పోసి, ఉప్పు, కాస్త ఎండుమిరప పలుకులు వేసి, గరిటెతో గీత గీస్తే మూసుకుపోకుండా నిలిచేదాకా దగ్గరకి రానివ్వండి, పావుగంట పడుతుంది. ఇటలీలోని నేపుల్స్‌లో టమాటాని పచ్చిగానే పూస్తారు. వాళ్ళ కట్టెల పొయ్యి 430 డిగ్రీల పైన ఉంటుంది, నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా అయిపోతుంది, నీరు అక్కడే ఆవిరైపోతుంది. మన గ్యాసు పొయ్యి మీద ఆ నీరంతా పిండిలోకి దిగుతుంది, అందుకని ముందే ఇగరబెట్టుకోవాలి. ఆ నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ళ విద్యని 2017లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్ద మనవడికి చెప్పండి, కాస్త గౌరవం పెరుగుతుంది.

పిజ్జాలో వేసే ఒరేగానో ఆకు కోసం విజయనగరం పరుగెత్తక్కర్లేదు. బజ్జీలు వేసుకునే వామాకు మీ పెరట్లోనో పక్కింటి కుండీలోనో ఉండే ఉంటుంది. ఒరేగానోకి ఆ ఘాటు వాసన ఇచ్చే కార్వాక్రాల్ అనే తైలమే వామాకులోనూ ఉంది. రెండు ఆకులు సన్నగా తరిగి, దించేముందు సాస్‌లో వేయండి, రెండు చాలు, నాలుగు వేస్తే బజ్జీ వాసన వస్తుంది. ఇక పిజ్జా మీద పచ్చగా కనబడే బేసిల్ మన రుద్రజడ మొక్కే. కిరాణా కొట్లో వేసవిలో షర్బత్‌కి కొనే సబ్జా గింజలు దాని విత్తనాలే. ఈ నెలలో కుండీలో చల్లితే పండక్కి నాలుగు ఆకులు తెంపుకోవచ్చు. పూజ తులసి మాత్రం వేయకండి, దాని ఘాటు వేరు, అమ్మగారూ ఊరుకోరు.

చీజ్ బిగుసుకుపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి ఎక్కువసేపు వేడి తగలడం. మొజరెల్లా కరిగాక కూడా వేడి ఆగకపోతే లోపలి కొవ్వు, నీరు బయటికి వచ్చేసి ప్రోటీన్ బిగుస్తుంది. రెండోది అసలు చీజ్ కాకపోవడం. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో పాల కంటే ముందు పామాయిల్ లాంటి నూనె పేరు కనబడితే పక్కన పెట్టేయండి. పిజ్జాకి 50, 60 గ్రాములు చాలు, 200 గ్రాముల ప్యాకెట్ నాలుగింటికి వస్తుంది. బొబ్బిలిలో దొరక్క విజయనగరం నుంచి తేవాల్సి వస్తే బస్సులో గంట పైనే ప్రయాణం, ఐస్ ముక్కలు వేసిన సంచిలో తెచ్చుకోండి. తురిమి, కాల్చడానికి అరగంట ముందు బయట పెడితే త్వరగా కరుగుతుంది. పన్నీరు కరగదు, ఎంత కాల్చినా ముక్క ముక్కగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని నిమ్మరసం లాంటి పులుపుతో విరగ్గొడతారు. ముక్కలుగా పైన చల్లుకోండి, చీజ్ బదులు మాత్రం వాడకండి.

పైన వేసేవన్నీ ముందే పెనం మీద నీరు పోయేదాకా వేయించుకోవాలి, ఉల్లిపాయ, క్యాప్సికమ్, పుట్టగొడుగులు ఏవైనా. పలాస జీడిపప్పు బద్దలు నాలుగు దోరగా వేయించి చల్లితే ఏ కంపెనీ పిజ్జాలోనూ దొరకని రుచి. కనుమ నాటి కోడి ఇగురు మిగిలితే ఎముకలు తీసేసి, గుజ్జు వదిలేసి, ముక్కలు మాత్రం పీచుగా చీల్చి వేయండి. మీ ఇంట్లో తింటారో లేదో మీరు రాయలేదు. ఆవ పెట్టిన కూరలతో మాత్రం ప్రయోగాలు వద్దు, ఆవ చీజ్ దగ్గర నిలవదు. ఎన్ని వేసినా కింద సాస్ కనబడాలి. గుప్పెళ్ళతో పోస్తే మధ్యలో తడి ఆరదు.

ఇప్పుడు దిబ్బరొట్టి. పూర్వం దళసరి మూకుట్లో మినప్పిండి పోసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు వేసేవారు. కింద నుంచీ పై నుంచీ వేడి తగిలేది కాబట్టి అంత మందం రొట్టి తిరగేయకుండానే ఉడికేది. ఓవెన్ చేసే పని కూడా అదే. మీ పెనానికి కింద వేడి తప్ప పైన లేదు, అందుకే అడుగు మాడి పైన పచ్చిగా ఉంది. కాబట్టి రెండు పొయ్యిలూ వెలిగించండి. ఒకదాని మీద దళసరి ఇనప పెనం, రెండోదాని మీద అమ్మగారి ఇనప మూకుడు ఖాళీగా. మూకుడు పెనానికి సరిపోయేంత వెడల్పు ఉండాలి, పెనం మీద బోర్లిస్తే పిజ్జా అంచు బయట పడకూడదు. సన్న మంటతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి, పోత ఇనుము ఒక్కసారిగా కాలిస్తే పగలొచ్చు. ఏడెనిమిది నిమిషాల్లో రెండూ బాగా కాగుతాయి. నాన్‌స్టిక్‌ది ఏదైనా ఇలా ఖాళీగా కాల్చకూడదు.

పెనం మీద నీటి చుక్క వేస్తే గంతులు వేస్తూ జారాలి. అప్పుడు ఒత్తిన బేస్ ఒట్టిదే వేయండి, సాస్ ఏమీ లేకుండా. మధ్యస్థంగా మంట. నిమిషంలో పైన బుడగలు లేస్తాయి. ఒకటిన్నర నిమిషానికి అడుగున మచ్చలు పడతాయి. తిరగేయండి. ఇప్పుడు కాలిన వైపు పైకి వచ్చింది కదా, దాని మీద పల్చగా సాస్, చీజ్, వేయించిన ముక్కలు గబగబా వేసి, మంట బాగా తగ్గించి, కాగిన మూకుడు బోర్లించండి. మూడు, నాలుగు నిమిషాలు చాలు. రెండో నిమిషానికి అంచు కొంచెం ఎత్తి చూడండి. చీజ్ కరిగి ఎక్కడికక్కడ చిన్న బుడగలు వస్తుంటే అయిపోయినట్టే, ఒక్క క్షణం కూడా ఆగకండి. మూకుడు మళ్ళీ పొయ్యి మీదికి, తరవాతి పిజ్జాకి. దాని చెవులు పట్టుకోవడానికి దళసరి నూలు గుడ్డలు, పొడివి, రెండు చేతులకీ ఉండాలి. తడిగుడ్డ అయితే ఆవిరి చేతికి కొడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ పిల్లలు వంటింటి గుమ్మం బయటే. పిజ్జాలు ఒక్కొక్కటిగానే వస్తాయి, దించింది దించినట్టు ముక్కలు కోసి పెట్టేయండి. అందరికీ ఒకేసారి వడ్డిద్దామని దాచితే చీజ్ చల్లారి మళ్ళీ అదే గొడవ.

కుక్కర్లో ఇసుక వద్దు. నీళ్ళు లేకుండా అల్యూమినియం కుక్కర్ని అరగంట కాలిస్తే అడుగు వంకరపోవచ్చు, తరవాత మూత సరిగ్గా బిగవకపోవచ్చు. ఒక పిజ్జా కోసం పప్పు వండే కుక్కర్‌ని పాడు చేసుకోవడం నాకు నచ్చదు.

ముద్ద ఏదైనా మిగిలితే ఫ్రిజ్‌లో ఇంకో రెండు రోజులు నిలుస్తుంది. మర్నాడు చిన్న చిన్న బిళ్ళలుగా ఒత్తి నూనెలో వేయించండి, నేపుల్స్‌లో కూడా పిజ్జా పిండిని ఇలా వేయించి తింటారు.

పండక్కి ముందు, పిల్లలు రాకముందే, సగం కొలతతో ఒకసారి చేసి చూసుకోండి: మైదా 200, నీళ్ళు 125, ఉప్పు 4, నూనె 5, పంచదార 2, యీస్ట్ 1. మూకుడు ఎంత సేపటికి కాగుతోందో, మీ పొయ్యి మంట ఎంతలో ఉంచాలో ఆ రెండు పిజ్జాలతో తెలిసిపోతుంది. మొదటిది అమ్మగారికి పెట్టండి.